బాలమ్మ చాందీ పన్ను

ఫిబ్రవరి 27, 2022, ఆదివారం

మా ఆయన షాపుకి ఏటా స్టీలు గిన్నెల కంపెనీ వాళ్ళు ఒక డైరీ ఇస్తారు. ఏటా అది అటక మీదకి పోతుంది. ఈసారి నేను తీసుకున్నాను. ఎవరినైనా తిట్టాలి కదా. మనుషుల్ని తిడితే మళ్ళీ వాళ్ళతో మాట్లాడాల్సి వస్తుంది.

తెలుగులో రాస్తున్నాను కాబట్టి తాళం అక్కర్లేదు. ఈ ఇంట్లో అందరికీ తెలుగు మాట్లాడటం వచ్చు, ఒక్కరికీ చదవటం రాదు. మా ఆయన ఇక్కడే చంద్రపూర్‌లో మరాఠీ బడిలో చదివారు. ఆడపడుచు కూతురు చంద్రకళకి తెలుగు అక్షరాలు చూపిస్తే ముగ్గులంటుంది. కాగజ్‌నగర్‌లో పెరిగిన నేనొక్కదాన్నే మిగిలాను.

విషయం ఏమిటంటే, మా పళ్ళ క్లినిక్ మారబోతోంది. జట్‌పురా గేటు దగ్గర నాది, రాజురాలో చంద్రకళ పెట్టినది, బల్లార్పూర్‌లో మూతపడ్డ ఇంకొకటి. మూడూ కలిపి ఒకే పేరు కింద నడపాలని నాగపూర్ ట్రస్టు వాళ్ళు వచ్చారు. చంద్రకళ, నేను ఇకనుంచి జట్‌పురా గేటు దగ్గరే కూర్చోవాలట. కొత్త కుర్చీలు, కొత్త మిషన్లు వాళ్ళే ఇస్తారట. షరతు ఒక్కటే. ఏప్రిల్ ఒకటి నుంచి క్లినిక్‌లో పాదరసం ఉండకూడదు. పంట్లో నింపేదంతా తెల్లదే కావాలి. ప్రపంచమంతా మానేస్తోందట, మనం వెనకబడకూడదట.

డాక్టర్ అనసూయ, అంటే నేను, ముప్పై ఏళ్ళుగా నింపుతున్నది చాందీ. ఇక్కడ అందరూ దాన్ని చాందీ, అంటే వెండి, అనే అంటారు. వెండి పొడిలో పాదరసం పోసి కలిపితే ముద్దవుతుంది, పుచ్చు తీసిన పంట్లో కూరితే రాయిలా బిగుస్తుంది. గనిలో పనిచేసేవాడు ఆ పంటితో మటన్ బొక్కలు నమిలి మనవడి పెళ్ళిదాకా లాగిస్తాడు. తెల్లది అలా ఉంటుందని నేను నమ్మను.

అయినా సంతకం పెట్టాను. చంద్రకళ ముందే పెట్టేసింది, వద్దనడానికి నాకు కారణం దొరకలేదు. సంతకం కాస్త వంకరగా వచ్చింది. వాళ్ళిచ్చిన పెన్ను బాగాలేదు.

మార్చి 2

ఈ పెన్నూ గీరుతోంది.

మార్చి 9

తెల్ల ఫిల్లింగు నాకు నేర్పడానికి చంద్రకళ ఇవాళ పీకేసిన పన్నొకటి సుద్దముద్దలో గుచ్చి నా ముందు పెట్టింది. ఎవరికి ఎవరు నేర్పాలో! ఈ పిల్లకి పాలపన్ను పీకింది నేను.

తెల్లదానికి మా అత్తగారికున్నంత మడి ఉంది. ఉమ్మి తగలకూడదు, తడి తగలకూడదు, వేలు తగలకూడదు. ముందు జిగురు పూయాలి, తర్వాత పొర మీద పొర వెయ్యాలి, ప్రతి పొరకీ నీలం దీపం పట్టాలి. ఎక్కడ పిసరంత తేడా వచ్చినా లోపల్నుంచి ఊడొస్తుంది. చాందీ అలా కాదు. కూరితే చాలు, అదే సర్దుకుంటుంది. మనిషిని నమ్ముతుంది.

"అత్తమ్మా, జరా జరా పెట్టు. ఒక్కపారే కూరకు. ఇది చాందీ కాదు."

"ఎరుకే."

"అంచు దగ్గర ఆగు. అక్కడ మందమైంది, బఘ్."

బఘ్ అంటే చూడమని. కానీ తను పంటి వైపు కాకుండా నా చేతి వైపు చూసింది. నా గాజుల కోసమై ఉంటుంది. డిజైను బాగుందని ఇదివరకోసారి అంది.

సరిగ్గా రాలేదు. ఆ గదిలో వెలుతురు చాలదు. కూలర్ గాలి నేరుగా చేతి మీదకే కొడుతుంది. ఎవరైనా వణుకుతారు.

మార్చి 15

మా ఆయన ఈమధ్య నా కప్పులో చాయ్ సగమే పోస్తున్నారు. పాలు పొదుపు చేస్తున్నారేమో. షాపు బేరాలు అంతంతమాత్రం అంటున్నారు.

మార్చి 18

ట్రస్టు వాళ్ళు మళ్ళీ వస్తే చెప్పాల్సినవన్నీ మనసులో సిద్ధం చేసుకున్నాను. మన దగ్గరకొచ్చేవాళ్ళు పత్తి చేలల్లోంచి, గనుల్లోంచి వస్తారు. ఒక్కసారి వస్తే మళ్ళీ ఏళ్ళకి గానీ రారు. వాళ్ళకి ఊడిపోనిది కావాలి. చిన్నపిల్లలు నోరు తెరిచి కూర్చోరు, ముసలివాళ్ళ నోట్లో తడి ఆగదు, కరెంటు ఎప్పుడు పోతుందో ఆ పైవాడికే తెలియదు, నీలం దీపం మధ్యలో ఆరిపోతే ఏం చెయ్యాలి?

ఇవన్నీ నిజాలే. ఒక్కటీ అబద్ధం కాదు. ఇంత నిజం నా వైపు ఉండి కూడా నాకు ఎందుకు నిద్ర పట్టడంలేదో.

మార్చి 21

మా ఆయన కొత్త పెన్ను తెచ్చారు. నేను అడగలేదు. లావుపాటిది, పట్టుకోడానికి రబ్బరు తొడుగున్నది. ఇదీ అంతే.

మార్చి 31

ట్రస్టు మనిషి వచ్చి, నా అభ్యంతరాలన్నీ రాసుకుని, పాదరసం సీసాలన్నీ, పాత ఫిల్లింగుల ముక్కలు నీళ్ళలో వేసి ఉంచిన డబ్బా కూడా మూత బిగించి తీసుకెళ్ళాడు. పద్ధతిగా చేశాడు. అతన్ని తిట్టడానికి ఏమీ లేదు.

ఒక్క సీసా ఇవ్వలేదు. మహంకాళి పటం వెనక పెట్టాను. ఏదైనా అవసరం పడొచ్చు. ఎన్నో ఏళ్ళుగా నా దగ్గర పనిచేస్తున్న సారక్క చూసింది. చూసి కిటికీ వైపు తిరిగింది. ఆమె నోట్లోంచి మాట రావాలంటే ముహూర్తం పెట్టాలి.

ఏప్రిల్ 2

ఉగాది. పచ్చడి స్పూనుతో నోటిదాకా పోకుండానే చీర మీద పడింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఏప్రిల్ 12

ఇవాళ నా దగ్గరకొచ్చిన ఫిల్లింగులన్నీ చంద్రకళకి పంపాను. పిల్ల చెయ్యి తిరగాలి కదా. నేను పళ్ళు చూసి, మందులు రాసి, కబుర్లు చెప్పాను. మందులు కూడా సారక్కతో రాయించాను. కళ్ళు లాగుతున్నాయి.

ఏప్రిల్ 20

పోయిన వారం బ్యాంకులో పనిచేసే ఒకావిడకి నేను తెల్లది పెట్టాను. ఇవాళ కాగితంలో చుట్టి తెచ్చింది. ఊడొచ్చింది.

"ఏం తిన్నారమ్మా?" అన్నాను.

"పోహా, మేడమ్."

మెత్తటి అటుకులే అయినా, పోహాలో పల్లీలు ఉంటాయి కదా. పల్లీలు గట్టివి.

చంద్రకళ మళ్ళీ పెట్టింది. ఆవిడకి సర్దిచెబుతూ "మా అత్తమ్మ తప్పు కాదు, జిగురు డబ్బా పాతది" అంది. డబ్బా ఆ వారమే వచ్చింది. మా ఇద్దరికీ తెలుసు. నాకు ఆ అబద్ధం మీద కోపం వచ్చింది. ఆ పిల్ల మీద కాదు, అంత దయ మీద.

మే 5

ఇవాళ రాయలేను.

మే 6

నిన్నటిది రాస్తున్నాను.

ఎండ మాడ్చేస్తోంది. మధ్యాహ్నం చంద్రకళ భోజనానికి వెళ్ళింది. సారక్క కూలర్ ముందు కూర్చుని దూది ఉండలు చేస్తోంది. అప్పుడు బాలమ్మ వచ్చింది. రాజురా అవతల పత్తి పండించే ఇల్లు వాళ్ళది. నేను క్లినిక్ తెరిచిన కొత్తలో వచ్చినవాళ్ళలో ఒకతె, నన్ను ఇక్కడి మాటలో బాయీ అంటుంది, అమ్మా అని. కుడివైపు దవడలో ఒకటి, ఎడమవైపు ఒకటి, రెండూ నేను నింపిన చాందీలే. కుడివైపుది అంచు విరిగి, కింద మళ్ళీ పుచ్చు పట్టింది.

"ఇరిగిన ముక్క ఏది?" అన్నాను.

కొంగు ముడి విప్పి చూపించింది. "పారేస్తనా? నా సొమ్ము."

"బాలమ్మా, ఇప్పుడు చాందీ పెడ్తలేం. తెల్లది పెడ్తం. పంటి రంగుల కలిసిపోతది, ఎవ్వలకు ఎరుకగాదు."

"సుద్దముక్కనా? నాకద్దు."

"సుద్ద కాదే."

"ఏదైతేంది. నా మాటిను బాయీ. సచ్చినంక నోట్లె ఇంత బంగారమో ఎండో పెట్టి సాగనంపాలె. నా కొడుకులు పెడ్తరని ఏం భరోసా? పెద్దోని పెండ్లాం గురిగింజెత్తు గూడ ఇడువది. నా చాందీ నా నోట్లెనే ఉంటె ఎవ్వల్ని అడిగే పని లేదు. కుడిదిక్కుకొకటి, ఎడమదిక్కుకొకటి. దర్జాగ పోత."

ఎన్నాళ్ళకో నవ్వొచ్చింది. ఆమె మాత్రం నవ్వలేదు. ఆమెకది నవ్వులాట కాదు, పై ప్రయాణానికి తన టికెట్టు తనే కొనుక్కోవడం.

సరే, ఈ ముసలామె కోసం, అనుకున్నాను. అలా అనుకోవడం తేలిక. నిజానికి నా చేతికి తెలిసిన పని ఒక్కటి చెయ్యాలనిపించింది. మహంకాళి పటం వెనక నుంచి సీసా తీశాను. సారక్క లేచి నిలబడింది.

పుచ్చు శుభ్రం చెయ్యడం బాగానే అయింది. వేలు పక్క పంటికి ఆనిస్తే చెయ్యి నిలుస్తుంది. తర్వాత పాదరసం పొయ్యాలి. దానికి ఆనించుకోడానికి ఏమీ ఉండదు.

సీసా జారింది.

అలా రాసి కొట్టేశాను. సీసా జారలేదు. మూత తీసి చిన్న గిన్నెలోకి వంచుతుంటే చెయ్యి అదిరింది. సీసా అంచు గిన్నెకి కొట్టుకుంది. మళ్ళీ కొట్టుకుంది. ఎడమచేత్తో పట్టుకోబోయాను, అదీ అదురుతోంది. రెండూ కింద పడ్డాయి.

నేల నిండా గుండ్లు. కుర్చీ కిందకి, బీరువా కిందకి, పలకల సందుల్లోకి. సారక్క అలవాటు కొద్దీ చీపురు అందుకుంది.

"చీపురు ముట్టకు!" అని అరిచాను. ఊడిస్తే ఇంకా చిన్నచిన్న గుండ్లయి గదంతా పోతుంది. "కూలర్ బంద్ చెయ్. కిటికీలు తియ్. నీ ఉంగరం తీసి బయట పెట్టు, బంగారాన్ని తింటది."

ఈ హడావుడిలో కుర్చీలో మనిషి ఉందని మర్చిపోయాను. తిరిగి చూస్తే బాలమ్మ నోట్లో దూదితోనే కిందికి దిగి, నేల మీద గొంతుక్కూర్చుని, గుండ్లని అరచేత్తో తోసి తోసి ఒక దగ్గర చేరుస్తోంది. అప్పటికే కొంత కొంగులోకి ఎత్తి ముడేసింది.

"అయ్యో, గింత చాందీ నేలపాలాయె! నువ్వు వంగకు బాయీ, నేనేరిత. మా ఊర్లె అవుసలాయనకిస్తె కుంపటి మీద పెట్టి గట్టిగ చేసిస్తడు. నీకింత, నాకింత."

కుంపటి మీద పెడితే అదంతా ఆవిరవుతుంది. ఆ కంసాలి, అతని ఇల్లు, ఆ చుట్టుపక్కల పీల్చినవాళ్ళందరూ. అబద్ధం చెప్పి ఆ కొంగు ముడి విప్పించే దారి వెతికాను, దొరకలేదు. అప్పుడే తలుపు దగ్గర చంద్రకళ. ఎంతసేపటి నుంచి నిలబడిందో తెలియదు.

"బాలమ్మా, ముడి ఇప్పు. గది ఎండి కాదు," అన్నాను.

"చాందీ అని నువ్వే గదా అంటివి?"

"అందరన్నరు. నేను అననిచ్చిన. గది పాదరసం. ఎండి పొడిల కలిపితె గట్టిపడ్తది. గిట్ల ఇడిగ ఉంటె ఆవిరైతది, పీలిస్తె ఇషం. అవుసలాయన కుంపటి మీద పెడ్తె ఆయన పానం పోతది."

బాలమ్మ నోట్లోంచి దూది తీసేసింది. కొంగు పట్టుకున్న చెయ్యి అలాగే ఉంది.

"మరి ఇన్నేండ్ల సంది నా నోట్లె ఏం పెట్టినవ్?"

అడిగింది ఒక్క బాలమ్మే. జవాబు కోసం చూసింది ముగ్గురు.

గట్టిపడ్డాక సంగతి వేరని చెప్పాను. అప్పట్లో ప్రపంచమంతా అదే పెట్టిందని, లక్షలమంది నోళ్ళలో ఉందని చెప్పాను. కాలేజీలో పాఠం చెప్పినట్టుంది నాకే. ఆమె కళ్ళు ఒప్పుకోలేదు. ఇక చేసేదేముంది, ఆమె ఎదురుగా నేల మీద కూర్చుని నోరు తెరిచాను.

"సూడు. నాకు గూడ ఉన్నది. మీదికెల్లి రెండోది."

బాలమ్మ నా గదవ పట్టుకుని కిటికీ వైపు తిప్పి చూసింది. నేను ఆమెను ఎన్నిసార్లు అలా తిప్పి చూశానో. చాలాసేపు చూసి గదవ వదిలింది.

"ఉన్నది," అంది సారక్కతో, సాక్ష్యం చెబుతున్నట్టు. అప్పుడు కొంగు ముడి విప్పింది.

మిగతాదంతా చంద్రకళ చేసింది. నేల మీదది అట్టముక్కలతో చేర్చి, సూది లేని సిరంజితో పీల్చి, నీళ్ళున్న సీసాలో వేసి మూత బిగించింది. సందుల్లోవి జిగురు టేపుతో తీసింది. బాలమ్మ చేతులు కడిగించి, కొంగుకి పాదరసం తగిలినంత మేర కత్తిరించి అదీ సీసాలో వేసింది. దానికి బాలమ్మ ఏడ్చినంత పని చేసింది. చాందీ కన్నా చీర పోయిందని ఎక్కువ బాధ. తర్వాత పంట్లో తాత్కాలికంగా మందు పెట్టి, వానలు పడ్డాక రమ్మని పంపించింది.

"చాందీ పెట్టకపోతిరి, ఎండి కాదంటిరి, చీర చింపితిరి," అంది బాలమ్మ మెట్ల మీద నుంచి. "ఏం దవఖానో ఏమో."

సీసా ఎక్కడిదని చంద్రకళ నన్ను అడగలేదు. నా గాజు మీద తెల్ల మచ్చ పడింది. పాదరసం తగిలిన చోట బంగారం చచ్చిపోతుంది.

మే 9

క్లినిక్ మూసే వేళకి చంద్రకళ తలుపు వేసి వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"అత్తమ్మా, చెయ్యి సాపు."

చాపాను. వేళ్ళ మీద మందులు రాసే కాగితం ఒకటి పెట్టింది. కాగితం గలగలలాడింది.

"కూలర్ గాలి," అన్నాను.

"కూలర్ బంద్ ఉన్నది అత్తమ్మా."

అవును, బంద్ ఉంది. గదిలో ఆ కాగితం చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. కోపం వచ్చింది, ఏడుపు వచ్చింది, ఏదీ చెయ్యలేదు.

"ఇన్నేండ్లు పాదరసంతోని పనిచేసినవ్," అంది మెల్లగా. "దానితోని గిట్ల అయితది. చూపించుకుందాం. ఒంట్లె ఉన్నదని తేలితే, ముట్టుకునుడు బంద్ చేస్తె నెమ్మదిగ దిగిపోతదట. చింతా చెయ్యకు."

సారక్కకి కూడా చేయిద్దామని నేనే అన్నాను. ఆమె కూడా ఇన్నేళ్ళు ఆ గదిలోనే ఉంది. అది ఇన్నాళ్ళు ఎందుకు తట్టలేదో.

మే 14

పరీక్షకి మూత్రం నాగపూర్ పంపారు.

ముప్పై ఏళ్ళు పాదరసాన్ని వెనకేసుకొచ్చాను. ఎవరేమన్నా దాని తరఫున వకీలులా వాదించాను. ఇవాళ సాయంత్రం మహంకాళి గుడికి వెళ్ళి, అదే దోషి కావాలని మొక్కుకున్నాను. నా ఒంట్లో అది నిండా ఉండాలి. ఉంటే దిగిపోతుంది. దిగిపోతే చెయ్యి మళ్ళీ నాదవుతుంది. తెల్లది కూడా నేర్చుకుంటాను, మడి కట్టుకునైనా నేర్చుకుంటాను.

గుడి బయట మా ఆయన ఏం కోరుకున్నావని అడిగారు. ఆరోగ్యం అన్నాను.

మే 18

ఇవాళ చాయ్ కొంచెమే ఒలికింది. ముట్టుకోవడం మానేసి రెండు వారాలు కూడా కాలేదు. దిగుతున్నట్టే ఉంది.

మే 19

లేదు.

మే 24

రిపోర్టు వచ్చింది. అంతా మామూలే. సారక్కదీ మామూలే. ఆమె సంగతిలో మాత్రం ఊపిరి పీల్చుకున్నాను.

మా ఆయన పేడాలు తెచ్చారు. "నేను చెప్పలేదా, ఏం కాదని," అంటూ నా నోట్లో పెట్టారు. తిన్నాను.

జూన్ 8

నాగపూర్‌లో నరాల డాక్టరు. కుర్రవాడే, మంచివాడు. కాగితం మీద చుట్టలు చుట్టలుగా తిరిగే గీత గీయమన్నాడు. గీశాను. ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉండేదా అని అడిగాడు.

నాన్న. చాయ్ సాసర్‌లో పోసుకుని రెండు చేతులతో పట్టుకుని తాగేవాడు. పోసుకునేటప్పుడు సాసర్ కప్పుకి తగిలి టకటకమనేది. చలి అనేవాడు. కాగజ్‌నగర్ ఎండల్లో కూడా చలి అనేవాడు. మేమూ చలే అనుకున్నాం.

"వంశంలో వచ్చేదే," అన్నాడు డాక్టరు. "ప్రాణభయం లేదు. మాత్రలతో కాస్త తగ్గుతుంది, పూర్తిగా పోదు. రోజువారీ పనులకి ఇబ్బందేమీ ఉండదు."

నా రోజువారీ పని ఏమిటో అడగలేదు. నేనూ చెప్పలేదు. పక్కన కూర్చున్న చంద్రకళ కిందికి చూసింది.

పాపం పాదరసం. ఊరికే దాని మీద నేరం మోపాను. బాలమ్మ కొంగులో, కంసాలి కుంపటిలో అది విషమే. నా చేతి విషయంలో మాత్రం నిర్దోషి.

జూన్ 9

ట్రస్టు వాళ్ళకి ఫోన్ చేసి చాందీ గురించి ఇక నాకేమీ అభ్యంతరం లేదని చెప్పాలి. ఇన్నాళ్ళు అడ్డుపడింది ముసలివాళ్ళ కోసం, గనివాళ్ళ కోసం అనుకున్నాను. వాళ్ళ కోసం కూడా. కానీ చాందీ నా వణుకుని క్షమించేది. తెల్లది క్షమించదు. అంతే సంగతి. ఇంత చిన్న మాట రాయడానికి ఇన్ని పేజీలు పట్టింది.

జూన్ 11

ఫోన్ చెయ్యలేదు. రేపు చేస్తాను.

జూన్ 17

వాన పడింది. మొదటి వాన, క్లినిక్ ముందంతా బురద. ఆ బురదలో చెప్పులు చేత పట్టుకుని బాలమ్మ వచ్చింది. రాదనుకున్నాను. తాత్కాలికంగా పెట్టింది అరిగిపోయిందట, చల్లనీళ్ళు తాగితే ప్రాణం పోతోందట. కుర్చీ ఎక్కి, నోరు తెరిచి, చంద్రకళ దగ్గరకి రాగానే మూసేసింది.

"బాయి చెయ్యాలె."

"నేను తెల్లది మస్తు మంచిగ పెడ్త అవ్వా," అంది చంద్రకళ.

"నువ్వు మంచిగనే పెడ్తవ్ బిడ్డా. నాకు బాయి చెయ్యి కావాలె."

చంద్రకళ నా వైపు చూసింది. ఏ అబద్ధం చెప్పమంటే ఆ అబద్ధం చెప్పడానికి సిద్ధంగా ఉంది. అత్తమ్మకి జ్వరం, అత్తమ్మకి కళ్ళు నొప్పి, ఏదైనా. జిగురు డబ్బా గుర్తొచ్చింది.

బాలమ్మ ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాను.

"నా చెయ్యి వణుకుతున్నది బాలమ్మా," అన్నాను. "ఇగ తగ్గదట. నేను పెడ్తె ఊడొస్తది."

ఆ మాట నోటితో అనడం ఇదే మొదలు. ఇంట్లో కూడా అనలేదు.

బాలమ్మకి ఆశ్చర్యమేమీ కలగలేదు.

"గది నాకు ఎరుకలేదా?" అంది. "పోయిన దసరాకు పన్ను సూపిచ్చుకోను అచ్చినప్పుడే నీ చెయ్యి నా పెదిమె మీద అదిరింది. గందుకే గదా గంత ఎండల ఉరికచ్చిన. ఇంకొన్ని దినాలైతె నువ్వు చేస్తవో చెయ్యవో అని."

దసరా నుంచి. రాజురా అవతల పత్తి చేలో ఉన్న బాలమ్మకి దసరా నుంచి తెలుసు. సారక్కకి తెలుసు. చాయ్ సగం పోసే మనిషికి తెలుసు. తెలియనిది ఎవరికంటే, డైరీ రాసుకుంటున్న నాకు.

నాకు ఏడుపొచ్చింది. వాళ్ళ ముందే ఏడ్చాను. బాలమ్మ కొత్త చీర కొంగు చూసుకుని, తీసి ఇచ్చింది తుడుచుకోమని. "ఇది చింపద్దు," అంది.

తర్వాత చంద్రకళ పని మొదలుపెట్టింది. నేను పక్కన కూర్చుని చూశాను. ముందు ఎడమవైపు చాందీ చూసి, "ఇది ఎక్దమ్ గట్టిగున్నది అత్తమ్మా, దీన్ని కదపం," అంది. నిజమే, బాగున్నదాన్ని తవ్వితేనే చేటు. నేను వంగి బాలమ్మ చెవిలో చెప్పాను, ఎడమవైపుది అలాగే ఉంటుందని, అందులో వెండి కూడా నిజంగానే ఉందని, సాగనంపడానికి అది చాలని. ఆమె కళ్ళతోనే సరే అంది.

చంద్రకళ దూది మార్చింది, జిగురు పూసింది, పిసరంత పెట్టి దీపం పట్టింది, మళ్ళీ పిసరంత. అంచు దగ్గర ఆగింది. చెయ్యి రాయిలా ఉంది. ఇంత అందమైన పని అని నాకు తెలియదు. చేస్తున్నప్పుడు తెలియలేదు, చూస్తుంటే తెలిసింది. మధ్యలో ఒక్కసారి కరెంటు పోయింది, దీపం బ్యాటరీ మీద ఆరకుండా వెలిగింది. నా వాదనల్లో అదొకటి ఉండేది.

అయిపోయాక బాలమ్మ అద్దంలో చూసుకుంది. నాలుకతో తడిమింది.

"ఏది పెట్టినవ్? ఏం కండ్లబడ్తలేదు."

"గదే దాని సంగతి," అన్నాను.

"నువ్వుంటవా మరి ఈడ?"

"ఉంట. పండ్లు సూస్త. పెట్టుడు చంద్రకళ పెడ్తది."

"మంచిది. సూసేటోళ్ళు గూడ ఉండాలె," అని చెప్పులు చేత పట్టుకుని బురదలోకి దిగి పోయింది.

ఇంటికొచ్చి ట్రస్టు వాళ్ళకి ఫోన్ చేశాను. తర్వాత మా ఆయనకి చెయ్యి సంగతి చెప్పాను. చాయ్ పెడుతూ విన్నారు. "నాకు ఎరుకే," అని మాత్రం అన్నారు, కప్పులో సగం పోసి నా ముందు పెట్టి.

ఇప్పుడు డ్రాయరులో ఉన్న పెన్నులన్నీ తీశాను. ట్రస్టు వాళ్ళిచ్చింది, గీరుతుందన్నది, రబ్బరు తొడుగుది. ఒక్కోదానితో ఈ పేజీ అడుగున గీత గీసి చూశాను. అన్నీ బాగానే రాస్తున్నాయి.